బాపు భోంగ, నా కంప్యూటరు

మొన్న పాత ఫోను పాడైతే కొత్తది కొన్నాను. సిమ్ము వేశానో లేదో, నన్ను ఒక్క మాటైనా అడగకుండా టైము తనంతట తానే సరిచేసుకుంది. షాపతను ఇంకో గిరాకీ వైపు తిరిగాడు గానీ, నాకు మాత్రం నందికొండ ప్రాజెక్టు కాలనీలో మా బాపు మోగించిన భోంగ గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి.

తొంభైల నడుమ సంగతి. సైరన్‌ను మేము భోంగ అనేవాళ్ళం, మన ఈడువాళ్ళకు చెప్పనక్కర్లేదు. కాలనీ పక్కన వర్క్‌షాపులో పొద్దున ఎనిమిదింటికి దాన్ని మోగించడం బాపు పని. ఆ కూత విని గడియారం సరిచేసుకోని ఇల్లు లేదంటే నమ్మండి. బాపేమో ఏళ్ళ తరబడి రేడియో వార్తలు విని తన గడియారం దిద్దుకునేవాడు. అదే వర్క్‌షాపు ఆఫీసులో నాకు కంప్యూటరు ఆపరేటరుగా టెంపరరీ నౌకరీ దొరికిన రోజు నుంచి ఆ రేడియోను నమ్మడం మానేశాడు. సాయంత్రం డ్యూటీ దిగేముందు నా కిటికీ దగ్గర నిలబడి, తెర మీద టైమెంతో అడిగి ముల్లు తిప్పుకుని, ఇది నా బిడ్డ కంప్యూటరు టైమని అందరికీ చెప్పుకుని మురిసిపోయేవాడు. పిచ్చి బాపు!

ఆ కంప్యూటరుకో రోగం. పొద్దున సరిచేస్తే సాయంత్రానికి నిమిషమో రెండు నిమిషాలో వెనకబడేది. లోపలి బ్యాటరీ మార్పించాను, హైదరాబాదు నుంచి వచ్చిన మెకానిక్కు విప్పి తుడిచి బిగించాడు, సిస్టం మొత్తం మళ్ళీ ఎక్కించాను, ఏం చేసినా అంతే. చివరికి విసిగిపోయి, రోజూ పొద్దున భోంగ వినగానే ఎనిమిదని కొట్టి ఊరుకునేదాన్ని. నేను బాపును చూసి, బాపు నన్ను చూసి టైము పెట్టుకుంటున్నామని ఇద్దరికీ తట్టలేదు. రోజుకింత చొప్పున ఇద్దరం కలిసి వెనక్కి జరుగుతూ పోయాం. ఎవరైనా గొణిగితే, కంప్యూటరు కంటే మీకెక్కువ తెలుసా అని బాపు నోరు మూయించేవాడు.

ఒకరోజు పై ఆఫీసరు ఎనిమిదింటికి తనిఖీకి వచ్చేసరికి గేటు దగ్గర పిట్ట కూడా లేదు. భోంగ ఇరవై నిమిషాల తరువాత మోగింది. బాపుకు మెమో ఇచ్చారు, దానికి జవాబు టైపు చేయాల్సింది నేనే. అప్పటికి జరిగిందేమిటో ఇద్దరికీ అర్థమైంది. తన మతిమరుపు వల్లే ఆలస్యమైందని రాయమన్నాడు బాపు. కంప్యూటరు సంగతి రాస్తానన్నాను.

"సప్పుడు చెయ్యకు బిడ్డా. నీది కచ్చా నౌకరీ. నాదేమున్నది, రేపో మాపో దిగిపోయేటోన్ని."

నేను టైపు చేశాను. బాపు సంతకం పెట్టాడు. భోంగను ఇంకొకరికి అప్పగించి, బాపును స్టోరుకు మార్చారు. ఆ తరువాత ఎనిమిదింటి కూత వినపడితే చాలు, చేస్తున్న పని ఆపి తల వంచుకునేవాడు. అది చూసి నాకు ఏడుపొచ్చేది. చివరి రోజుల్లో మహబూబ్‌నగర్ దవాఖానలో పడుకుని కూడా, ఎదురుగా గోడ గడియారం ఉండగానే, టైమెంతైందని నన్నే అడిగాడు.

నా నౌకరీ పర్మనెంటైంది, రిటైరూ అయ్యాను. ఇప్పుడు కంప్యూటర్లన్నీ ఎక్కడినుంచో టైము తెచ్చుకుంటున్నాయి, పక్కవాళ్ళను అడగాల్సిన పని లేదు. మంచిదే. నా మాట నమ్మి ముల్లు తిప్పుకునే మనిషి మాత్రం లేడు. ఆనాటి కాలనీవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, ఆ మెమోకు అసలు జవాబు ఇన్నేళ్ళకు రాస్తున్నాను, చూడండి. ఆలస్యం మా బాపుది కాదు, నాది.