నెత్తురు రాని యంత్రం

ఎల్‌బీ నగర్ ఆసుపత్రిలో నేను డ్యూటీకి చేరింది జూన్‌లో ఒక సోమవారం, ఉదయం ఏడున్నరకు. బయట వాన. మూడో అంతస్తు, ఏసీ గది, కొత్త కార్పెట్. మధ్యలో ఆపరేషన్లు నేర్పే యంత్రం ఒక్కటే: ఒక తెర, రెండు పిడులు. సైన్యంలో ఇరవై రెండేళ్లు ఆపరేషన్ థియేటర్ సహాయకుడిగా పనిచేసి సుబేదారుగా రిటైరయ్యాను. కొత్త సర్జన్లకు ఆరు నెలల శిక్షణ తయారు చేయమని ఇక్కడ నన్ను తీసుకున్నారు. సిబ్బంది తక్కువైతే థియేటర్లోకీ పిలిచేవారు.

తెర మీద కోస్తే నెత్తురు రాదు. తప్పు చేస్తే బటన్ నొక్కి మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఎంత తొందరగా ముగిస్తే అంత ఎక్కువ మార్కులు. నెత్తురు కారే బొమ్మ కావాలని ఆసుపత్రి వాళ్లకు మూడుసార్లు రాశాను. జవాబు లేదు.

చివరికి నేనే చేశాను. స్పాంజితో తొడ, సెలైన్ పైపుతో రక్తనాళం, దిల్‌సుఖ్‌నగర్‌లో కొన్న చేపల తొట్టె మోటారు, ఎర్ర నీళ్లు. పైపు కోస్తే ముఖం మీదికి చిమ్మేది. వేలితో నొక్కిపట్టి క్లిప్పు వేయాలి. నలుగురు చేశారు. ఐదోసారి వంతు ఒక జూనియర్ డాక్టర్‌ది, నల్లగొండ అమ్మాయి.

"మిషన్ల నాకే ఫస్టు మార్కులు సార్. గిది జూస్తే భయమైతున్నది."

"భయపడేదుంటే ఈడనే భయపడు బిడ్డా. రేపు పొద్దున రా."

ఆ సాయంత్రం మేనేజర్ వచ్చాడు. "కార్పెటంత గీ ఎర్రనీళ్లేంది సార్? ఎల్లుండి పెద్దోళ్లు చూడనీకి వస్తున్నరు. తీసెయ్యుండ్రి."

"ఇంకొక్క డాక్టరమ్మ ఉన్నది. రేపొక్క రోజు ఆగుండ్రి."

"మిషన్ ఉన్నది కద."

మర్నాడు ఎనిమిదికి వెళ్లేసరికి బొమ్మ చెత్తడబ్బాలో ఉంది.

ఆ తర్వాత నాలుగో రోజు పొద్దున పదకొండింటికి, విజయవాడ రోడ్డు మీద లారీ గుద్దిన మనిషిని తెచ్చారు. తొడలో రక్తనాళం తెగింది. సీనియర్ సర్జన్ పక్క థియేటర్లో ఉన్నారు, సాయానికి నన్ను పిలిచారు. ఆ అమ్మాయే గాయం తెరిచింది. నెత్తురు ఎగిసింది.

"వేలు పెట్టి నొక్కు బిడ్డా," అన్నాను. ఆమె చేతులు కదల్లేదు. మళ్లీ అన్నాను. గోడ గడియారంలో నలభై సెకన్లు పోయాయి. నా వేలే పెట్టాను.

సీనియర్ సర్జన్ పరుగున వచ్చారు. "వదలకండి సుబేదార్ గారూ, నేను చూసుకుంటాను."

మనిషి బతికాడు. కాలు తీసేయాల్సి వచ్చింది. ఆ నలభై సెకన్ల వల్లేనని చెప్పలేమన్నారు సర్జన్. ఆ మాట నాకు ఊరట కాలేదు.

బొమ్మ కోసం నాలుగోసారి రాశాను. ఈసారి జవాబు వచ్చింది: పరిశీలిస్తాం.

ఆరు నెలలు నిండకముందే మానేసి, మెట్రోలో దిల్‌సుఖ్‌నగర్ దాకా వచ్చి, సైదాబాద్‌లోని ఇంటికి నడిచాను. దెబ్బ తగిలిన మనిషి ముఖం ఇప్పుడు గుర్తుకు రాదు. కళ్లు మూస్తే కనిపించేవి ఆ పిల్ల చేతులు. గాయానికి బెత్తెడు పైన, గాలిలో, ఎవరో ఒక మాట చెబుతారేమోనని ఎదురుచూస్తున్నట్టు. మాట నేను చెబుతూనే ఉన్నాను.