గోరంత మాత్ర, కొండంత పొట్లం

లోకంలో పిచ్చి పలు రకాలు. మా బావకి పొట్లాల పిచ్చి. చేతికి ఏ వస్తువు దొరికినా దాన్ని కాగితంలో చుట్టి, పురికొస వేసి, ముడి బిగిస్తే గానీ ఆయనకి ఊపిరాడదు. అందులో వింతేముంది, కిరాణా కొట్లో అందరూ చేసే పనేగా అంటారేమో. మా బావది కిరాణా కొట్టు కాదండీ బాబూ, మందుల కొట్టు.

ఆ కొట్లో బిల్లులు రాసే పని నాది. ఆయన మా అక్క మొగుడు కాబట్టి ఉద్యోగం మానడానికి లేదు, మరదల్ని కాబట్టి నోరు మూసుకునే అవసరమూ లేదు. అందుకే ఈ పొట్లాల బాగోతం నేను చెబితేనే బాగుంటుంది.

మా బావ పొట్లానికి ఒక శాస్త్రం ఉంది. ముందు పాత పేపరు, దాని మీద మందపాటి ఖాకీ కాగితం, ఆ పైన పురికొస నిలువుగా ఒక చుట్టు, అడ్డంగా ఒక చుట్టు, ముడి మీద ముడి. లోపల ఏమున్నా సరే, పైకి పొట్లం ఇటుకంత ఉండాలి. దగ్గు మందు సీసా కొన్నా ఇటుకే, తలనొప్పి మాత్ర ఒక్కటి కొన్నా ఇటుకే. మిగిలిన చోటంతా పేపరు ఉండలు కుక్కుతాడు. తలనొప్పి మనిషి ఇంటికెళ్ళి, ముళ్ళు విప్పి, ఉండలు పీకి, కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు ఆ మాత్రను పట్టుకునేసరికి ఒకటి చాలదు, రెండు కావాలి.

"ఒక్క మాత్రే కదండీ, చేతిలో పెట్టండి. ఇక్కడే వేసుకుంటాను" అన్నాడు ఒకసారి పోస్ట్‌మాన్.

"అలాగే" అన్నాడు మా బావ, పేపరు చుడుతూ.

"ఇక్కడే వేసుకుంటానంటుంటే!"

"వేసుకోండి, ఎవరొద్దన్నారు? కత్తెర ఇమ్మంటారా?"

కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చునే మా అక్క బాధ ఇంకో రకం. "పెళ్ళైన కొత్తలో ఈయన నాకు మొదట తెచ్చిన కానుక కూడా ఇటుకేనే. నగేమోనని ఆశపడి పళ్ళతో ముడి లాగాను. లోపల రెండు తలపిన్నులు. పన్ను మాత్రం కదిలింది" అంటుంది.

"పాపం, పంటినొప్పికి మందు తెచ్చారా?"

"తెచ్చారు. అదీ పొట్లమే."

అన్ని పొట్లాలూ కవల పిల్లల్లా ఉంటే తారుమారు కాకుండా ఉంటాయా? పాటల టీచరు గొంతు బిళ్ళలు కొంది. అదే సమయానికి కసరత్తు నేర్పే వస్తాదు మూలశంకకి ట్యూబు కొన్నాడు. ఎవరి ఇటుక వాళ్ళు తీసుకున్నామనుకుని ఎదుటివాళ్ళది పట్టుకుపోయారు. కాసేపటికి టీచరు ఫోన్ చేసింది.

"ఏమండీ, బిళ్ళలడిగితే ట్యూబు ఇచ్చారేంటి? ఇది గొంతుకి పైన రాసుకోవాలా, లోపల రాసుకోవాలా?"

"అమ్మా! రాయకండి! ఎక్కడా రాయకండి!" అని మా బావ అరిచిన అరుపు పక్క వీధిలో కూడా వినిపించింది. వస్తాదు ఆ బిళ్ళల్ని ఏం చేశాడో మేం అడగలేదు, ఆయన చెప్పలేదు. చాలా రోజులు మాత్రం మా కొట్టు ముందు నుంచి పోతూ గుర్రుగా చూసేవాడు.

ఇంత జరిగినా మా బావ మారితేనా!

ఇక అసలు సంగతికొస్తాను. మా దగ్గర ఇంజెక్షను సూదులూ సిరంజీలూ కొనాలంటే డాక్టరు చీటీ అక్కర్లేదు, చట్టమే ఒప్పుకుంది. షుగరు ఉన్నవాళ్ళు కొంటారు. కేకుల్లో జాం కూరడానికి బేకరీ ఆవిడ కొంటుంది. చిలకకి మందు పట్టడానికి ఒక తాతగారు కొంటారు. టైర్ల షాపులో పంక్చర్లు వేసే జులపాలు కూడా కొంటాడు. భుజాల దాకా జుట్టు పెంచాడు కాబట్టి అందరూ జులపాలనే పిలుస్తారు. పనిమంతుడు, మంచివాడు, కానీ మత్తుమందు ఎక్కించుకునే పాడు అలవాటొకటి పట్టుకుంది. అది మా కొట్లో ముగ్గురికీ తెలుసు. వీధికి తెలియదు.

"బావా, వాడికి సూదులమ్మడం మనకెందుకొచ్చిన తద్దినం?" అని ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"అమ్మకపోతే మానేస్తాడంటావా?"

"మానడనుకోండి..."

"మరి? వీధి చివర పాత గోదాం వెనక్కి పోయి ఎవడో వాడి పారేసిన సూదే పొడుచుకుంటాడు. దాంతో వచ్చే రోగాలు మామూలువి కావే. అలవాటంటావా, ఇవాళ కాకపోతే రేపు మానొచ్చు. ముందు మనిషి మిగలాలిగా!" అంటూనే ఆ సూదుల్ని ఇటుక చేసేశాడు.

ఇలా సాగిపోతుండగా పార్కులో బెంచీ కింద వాడేసిన సూది ఒకటి దొరికింది. దాంతో మా వీధి సంఘం ప్రెసిడెంటుగారికి చేతినిండా పని దొరికింది. ఉద్యోగంలో ఉన్నంతకాలం ఆయన ఏదో ఆఫీసులో అందరి మీదా కేకలేసేవారట. రిటైరయ్యాక ఆ కేకలు మా వీధికి దక్కాయి. ఏడు పదులు దాటినా ఆయన జుట్టు కాటుకలా నల్లగా ఉంటుంది. "మా వంశంలోనే తెల్లజుట్టు లేదు" అని ఎవరూ అడక్కుండానే చెబుతారు.

"ఏమయ్యా, చీటీ లేకుండా సూదులమ్ముతున్నావట?" అంటూ వచ్చారు.

"చట్టం ఒప్పుకుంది సార్."

"చట్టం ఒప్పుకుంటే సరా? వీధి ఒప్పుకోవద్దూ? ఎవరేం కొంటున్నారో నలుగురికీ కనిపించాలి. నీ పొట్లాలు ఇవాళ్టితో బంద్! లేదంటే నీ కొట్టు మూయించమని పైకి అర్జీ పెడతాం."

అని ఒక మోపెడు సంచులు బల్ల మీద పడేశారు. అవతలి మనిషి మొహం కనిపించేంత పల్చటి ప్లాస్టిక్ సంచులు. ఒక్కోదాని మీదా ఒక మూలగా ప్రెసిడెంటుగారి ఫొటో, నవ్వుతూ చెయ్యి ఊపుతూ.

"దాచుకునేదేం లేనివాళ్ళకి భయమెందుకయ్యా?" అని వెళ్ళిపోయారు.

మా బావ తిరగబడతాడనుకున్నాను. ఆయన ఒక సంచీ తీసి, వెలుతురుకి పెట్టి చూసి, మీసాల్లో నవ్వుకున్నాడు. "ఒక్కరోజు ఇచ్చి చూద్దామే. మాటలతో అర్థం కానివి సంచులతో అర్థమవుతాయి."

మర్నాడు మా వీధి చూడాలి మీరు! వస్తాదు ట్యూబు సంచీలో ఊగుతూ బయల్దేరింది. ఆయన దాన్ని చొక్కాలో దాచుకోబోతే కండలకి చోటు చాల్లేదు. పాటల టీచరు పేల మందు కొంది. ఆవిడ దగ్గర పాఠానికొచ్చే పిల్లల తల్లులు అది చూసి ఎవరి తల వాళ్ళు గోక్కున్నారు. కొత్తగా పెళ్ళైన జంట చేతులు పట్టుకుని వచ్చి, సంచుల్ని చూసి, ఒకరి మొహం ఒకరు చూసుకుని, సబ్బు కొనుక్కుని పోయారు. ఏ సంచీ చూసినా అందులో ఒకరి గుట్టు, దాని పక్కన చెయ్యి ఊపుతూ ప్రెసిడెంటుగారు. ఆయన ఎదురుగా టీ కొట్లో బల్ల వేసుకుని అన్నిటినీ పరిశీలిస్తున్నారు. నేను నవ్వలేక చచ్చాను.

అప్పుడే జులపాలు వచ్చాడు. నా నవ్వు ఆగిపోయింది.

వరసలో చివర నిలబడ్డాడు. ముందున్నవాళ్ళ చేతుల్లో సంచుల్ని చూశాడు. ఎదురుగా టీ కొట్టుని చూశాడు.

"ఏం కావాలి తమ్ముడూ?" అన్నాడు మా బావ.

"ఏం లేదన్నా. టైమెంతైందో కనుక్కుందామని..." అని గిరుక్కున తిరిగాడు. టైర్ల షాపువైపు కాదు, గోదాంవైపు నడిచాడు.

ఇన్నేళ్ళలో మా బావ చేతులు ఆగడం నేను చూడలేదు. ఆగాయి. మరుక్షణం ఆయన బల్ల కిందనుంచి ఖాకీ కాగితం లాగాడు, కొత్త సూదులు పెట్టాడు, దూది పెట్టాడు, బరబరా పురికొస చుట్టి ముడేశాడు. "ఏవండీ, చెప్పులు!" అని మా అక్క అరుస్తున్నా వినకుండా పరుగెత్తాడు. ఆయన మోకాళ్ళ నొప్పుల సంగతి తెలిసినదాన్ని గనక అక్కని గల్లాపెట్టె దగ్గర వదిలి నేనూ వెనకే పరుగెత్తాను.

గోదాం మలుపులో దొరికాడు జులపాలు.

"ఒరేయ్! నీ పొట్లం మర్చిపోయావు!" అన్నాడు మా బావ రొప్పుతూ.

"నేనేం కొనలేదుగా అన్నా."

"కొనకపోతే ఏమైందిరా, కట్టేశాను. కట్టడమే గానీ విప్పడం నాకు చేతకాదని ఊరంతటికీ తెలుసు. పట్టుకో."

వాడు పొట్లం అందుకున్నాడు. "మీరు నన్ను ఎప్పుడూ ఏం అడగరేంటన్నా?" అన్నాడు మెల్లగా.

"అడుగుతాన్రా. వాడినవి అక్కడా ఇక్కడా పారేయకుండా ఒక డబ్బాలో వేసి నాకు తెచ్చిస్తావా?"

వాడు తలూపాడు. తిరిగొస్తూ దారిలో నేను ఆపుకోలేకపోయాను. "బావా, నిజం చెప్పండి. ఈ పొట్లాలన్నీ వీడిలాంటివాళ్ళ కోసమేనా?"

"వాడొక్కడికే కాగితం చుట్టాననుకో, వీధంతా ఆ కాగితం వంకే చూస్తుంది. అందరికీ చుట్టేస్తే నా వంక చూసి నవ్వుతారు. నవ్వితే నాదేం పోయిందే?" అని, "అయినా నాకు కట్టడం సరదాలే" అని కలిపాడు, నేనెక్కడ పొగుడుతానో అని భయపడ్డట్టు. ఇన్నేళ్ళుగా నవ్వినవాళ్ళలో మొదటిదాన్ని నేనే. మా బావ మీద నాకు ఎంత ప్రేమొచ్చిందో చెప్పలేను, ఆయనకైతే అస్సలు చెప్పలేను.

కొట్లో జనం పల్చబడ్డాక ప్రెసిడెంటుగారు లోపలికొచ్చారు. అటూ ఇటూ చూసి, గొంతు బాగా తగ్గించి, "అదొకటి ఇవ్వవయ్యా" అన్నారు.

"ఏదండీ?" అన్నాను నేను, నా గొంతు బాగా పెంచి.

"అదేనమ్మా... నల్లది."

మా బావ జుట్టు రంగు పెట్టె తీసి, మర్యాదగా సంచీలో వేసి, ఫొటో పైకి వచ్చేలా సర్ది ఇచ్చాడు.

"పొట్లం కట్టు!"

"సంఘం మాట సార్. దాచుకునేదేం లేనివాళ్ళకి..."

ప్రెసిడెంటుగారు తేలు కుట్టిన దొంగలా మొహం పెట్టి సంచీని వెనక్కి తోశారు. చివరికి, "సరేలేవయ్యా, నీ ఇటుకలే నయం" అన్నారు. ఆ మాట కోసమే చూస్తున్న మా బావ చకచకా కట్టేసి, ఆయనకి కుర్చీ వేశాడు. "సార్, పార్కులో సూది ఉండకూడదని మీరన్నది మాత్రం నూటికి నూరు పాళ్ళూ నిజం. వాడేసినవి వేయడానికి కొట్టు గోడకి తాళం ఉన్న డబ్బా ఒకటి పెట్టిద్దాం. సంఘం తరఫున."

ఆయన ఆలోచించారు. "దాని మీద నా ఫొటో ఉండాలి."

ఉంది. డబ్బా కంటే పెద్దదే ఉంది.

ఆ తర్వాత జులపాలు ఎప్పటిలాగే వచ్చేవాడు, తన ఇటుక పట్టుకుపోయేవాడు, డబ్బాలో వేయాల్సినవి వేసేవాడు. మా బావ ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడింది లేదు. ఒక ఉదయం కొట్టు కిటకిటలాడుతుంటే వచ్చి, వరసలో తన వంతు వచ్చేదాకా నిలబడి, బల్ల మీదికి వంగాడు.

"అన్నా, ఇవాళ పొట్లం వద్దు. ఈ అలవాటు మాన్పించే డాక్టరెవరో ఉంటారటగా. ఒక్కణ్ణీ వెళ్ళాలంటే కాళ్ళు రావడం లేదు."

మా బావ సగం కట్టిన పొట్లం నా చేతిలో పెట్టి, ఈసారి చెప్పులేసుకుని, "పదరా" అన్నాడు. అంతే. వాడి భుజం మీద చెయ్యేసి, ఏదో జోకు చెప్పి నవ్విస్తూ తీసుకుపోయాడు. నేను వాళ్ళు మలుపు తిరిగేదాకా అలాగే చూస్తూ నిలబడ్డాను.

"అమ్మాయ్, నా సంగతి?" అన్నారు వరసలో ఉన్న ప్రెసిడెంటుగారు.

జన్మలో మొదటిసారి నేను పొట్లం కట్టాను. కాగితం అడ్డంగా చిరిగింది. పురికొస నా వేలికే చుట్టుకుంది. ఎలాగో ముడేసి ఇస్తే ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, మొహం చిట్లించి, "ఇలాగేనా కట్టేది? ఒక పక్క ఉబ్బింది. లోపలేముందో తెలిసిపోతోంది. మళ్ళీ కట్టు!" అని కేకలేశారు.

మళ్ళీ కట్టాను.