అరిసెల పేజీలో గాజుల చెయ్యి

నా దగ్గర ఒక బీరువా నిండా వంటల పుస్తకాలున్నాయి. వాటిలో ఒక్కటి కూడా నాకు నచ్చలేదు. "తగినంత ఉప్పు" అని రాసేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. ఎంత తగునో తెలిసినదాన్నయితే నీ పుస్తకం ఎందుకు కొంటాను? కేకుల పుస్తకం ఒకటి ఉంది. ఓవెన్ లేనివాళ్లు కుక్కర్లో ఇసుక పోసి చేసుకోవచ్చని చిట్టచివరి పేజీలో రాశారు. నేను ఆ పేజీకి చేరేసరికి కలిపిపెట్టిన పిండి పొంగి, మళ్లీ చతికిలబడింది. ఇంట్లో ద్రాక్ష వైను చేసుకునే పుస్తకం మరీ ఘోరం. జాడీ మూత గట్టిగా బిగించమన్నారు. బిగించాను. అది పగిలి వంటింటి గోడ మీద పడ్డ ఊదారంగు మరక ఎన్నిసార్లు సున్నం కొట్టినా పోలేదు. ఆ రాసినావిడ వచ్చి తుడుస్తుందా?

మరి ఎందుకు కొంటావని అడుగుతారు. తప్పులు పట్టడానికే కొంటాను. వయసు మళ్లిన ఒంటరిదాన్ని, ప్రొద్దుటూరులాంటి ఊళ్లో నాకు ఇంకేం సరదాలుంటాయి?

అయితే ఒక పుస్తకం నేను కొనలేదు. అందులో ఉన్నదంతా నా నోటి నుంచి వచ్చిందే.

అది రాసింది మా ఆడబిడ్డ, మా ఆయన చెల్లెలు. పులివెందులలో ఉంటుంది. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైంది. కూతురి పెళ్లి కుదిరాక, వచ్చినవాళ్లకు తాంబూలంతో పాటు మన ఇంటి వంటల పుస్తకం పంచాలని ఆమెకు బుద్ధి పుట్టింది. అందరూ స్టీలు గిన్నెలు, ప్లాస్టిక్ డబ్బాలు పంచుతున్నారు, తను వాళ్లలాంటిది కాదని తెలియాలి కదా. ఇబ్బంది ఒక్కటే. ఆమెకు వంట రాదు.

అందుకని బస్సెక్కి నా దగ్గరికి వచ్చేది. ఫోను నా నోటి ముందు పెట్టి "చెప్పు వదినా" అనేది. ఊరిమిండి, ఉగ్గాని, అలసంద వడలు, సంగటి, ఏది అడిగితే అది చెప్పాను. ఫోనులో గాలి శబ్దం పడుతోందని ఫ్యాను ఆపించేది. మే నెలలో. ప్రొద్దుటూరులో. ఆ చెమట కూడా నేను మరిచిపోలేదు.

ఇంత చెప్పినందుకు నేను కోరింది ఒక్కటే.

"ముకం వద్దు, పేరు వద్దు పాపా. అరిసెల పేజీలో పాకం చూసే చెయ్యి మాత్రం నాది ఉండాల."

"అయ్యో, నీ చెయ్యి గాక ఇంగెవురిది పెడతాం వదినా?" అంది. మాట ఇచ్చినట్టే కదా.

ఆ చెయ్యే ఎందుకో చెప్పాలి. బెల్లం పాకం పొయ్యి మీద ఉడుకుతుంటే ఒక చుక్క తీసి చన్నీళ్లలో వేసి, వేళ్లతో ఉండ చేసి చూస్తారు. మెత్తగా ఉండ కడితే దించి పిండి పోయాలి. ముందు దించితే అరిసెలు నూనెలో విచ్చిపోతాయి, ఆలస్యమైతే రాళ్లవుతాయి. మా ఆయన వైపు చుట్టాల్లో ఆ పదును వేలికి తెలిసింది నా ఒక్కదానికే. మా ఆయన చనిపోయిన ఏడాదే జమ్మలమడుగులో, మా అత్తగారింట్లో, మరిది పెళ్లి వచ్చింది. పెళ్లి అరిసెల్లో విధవ చెయ్యి పడకూడదు. పాకం చూసేవాళ్లు వేరే లేరు. మా అత్త తెలివిగలది, దారి కనిపెట్టింది.

"నువ్వు గడప ఇవతల్నే కూచో. చుక్క నీళ్లల్లో ఏసి తెస్తాం, ఏలు పెట్టి చూసి చెప్పు. నీ చెయ్యి తగిలేది నీళ్లకే గదా, పాకానికి గాదు గదా" అంది.

ఆ తర్వాత చుట్టాల్లో ఏ పెళ్లికైనా అదే పద్ధతి. నేను వంటింటి గడప బయట కూర్చునేదాన్ని, గిన్నె నా దగ్గరికి వచ్చేది. ఎప్పుడూ తొందరపడి ముందే తెచ్చేవాళ్లు కాబట్టి మొదటి గిన్నెకు "ఇంకొంచెం" అనేదాన్ని. తర్వాతి దానికో ఆ తర్వాతి దానికో "దించండి" అనేదాన్ని. నేను వేలు పెట్టిన నీళ్లను అంట్లు తోమే జాలాట్లో పారబోసి, ఆ గిన్నెను నా కళ్ల ముందే చింతపండు పెట్టి తోమేవాళ్లు. మూతి విరవకుండా చూస్తూ కూర్చునేదాన్ని. అంత అవమానంగా ఉంటే ఎందుకు పోయావంటారేమో. గిన్నె నా ముందుకు వచ్చినప్పుడు వంటింట్లోని ముత్తైదువులందరూ మాటలు ఆపి నా నోటి వైపు చూసేవాళ్లు. ఆ చూపు కోసం పోయాను.

ఫోటోలు మా ఇంట్లోనే తీశారు. పులివెందుల నుంచి వచ్చిన ఫోటోల అబ్బాయి నా చేత పాకం పట్టించి, కిటికీ వెలుగులో గిన్నె పెట్టించాడు. తీశాక కెమెరాలో చూపించాడు. నీళ్లలో నా వేళ్లు, వేళ్ల మధ్య తేనె రంగు ఉండ, బొటనవేలి మొదట్లో పాత కాలిన మచ్చ.

"పెద్దమ్మా, చెయ్యి శానా బాగా పడింది. ఈ పుస్తకానికంతా ఇదే ఫోటో" అన్నాడు.

నేను కళ్లద్దాలు తెచ్చుకుని మళ్లీ చూశాను. మా ఆడబిడ్డ కూడా తొంగి చూసింది. ఉండను చూడలేదు, నా మణికట్టును చూసింది.

పెళ్లికి ముందు అరిసెలు చేసే రోజున పులివెందుల పోయాను. అలవాటు ప్రకారం గడప బయట నాకు కుర్చీ వేశారు. లోపల పాకం పొయ్యెక్కింది. అంతలో ప్రెస్సు నుంచి పుస్తకాల కట్టలు దిగాయి. ఎవరో ఒకటి తెచ్చి నా ఒళ్లో పెట్టారు. అరిసెల పేజీ తీశాను.

మణికట్టు నిండా ఆకుపచ్చ గాజులు. అరచేతిలో గోరింటాకు. మచ్చ లేదు. ఆ వేళ్లు పాకం ఉండను చచ్చిన బల్లిని తీసి పారేస్తున్నట్టు పట్టుకున్నాయి. ఉంగరం చూసి గుర్తుపట్టాను. మా ఆడబిడ్డ కోడలిది, అంతకు ముందు ఏడాది ఆ ఇంటికి వచ్చిన పిల్లది. ముందుమాట కూడా చదివాను. "భర్తను పోగొట్టుకున్నా వంటను మరిచిపోని మా వదిన కూడా సలహాలిచ్చారు" అని ఉంది. కృతజ్ఞతల వరసలో నాకు పైన ఫోటోల అబ్బాయి, కింద కారు డ్రైవరు.

మా ఆడబిడ్డను పిలిచాను.

"పాపా, ఇదెవురి చెయ్యి?"

"మా కోడలిది వదినా. బాగుండాది గదా."

"నాది యాడికి పోయింది?"

ఆమె అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "బోడిగా ఉండాది వదినా. శుభమా అని పెండ్లికి పంచే పుస్తకం. ప్రెస్సాయప్ప గూడా అదే మాటన్నాడు."

"ప్రెస్సాయప్పకు పాకం పట్టేది వొచ్చునా?"

"ఏంది వదినా, ఇంత దానికే ముకం మాడ్చుకుంటాండావు! రాసిందంతా నువ్వు చెప్పిందే గదా. చెయ్యి ఎవురిదైతే ఏంది?"

ఆ మాట ఆమె నోట్లో ఉండగానే కోడలు గిన్నె పట్టుకుని గడప దగ్గరికి వచ్చింది. రెండు చేతులా పట్టుకుంది, గాజులు గిన్నెకు తగిలి చప్పుడవుతున్నాయి.

"పెద్దత్తా, చూడు."

నేను చేతులు కొంగు కింద పెట్టుకున్నాను. "చెయ్యి ఎవురిదైతే ఏంది అంటాంది మీ అత్త. నువ్వే చూడు."

లోపలున్న ఆడవాళ్లు నవ్వారు. వాళ్లకు తమాషాగా ఉంది. "చూడు మే, పుస్తకంలో పాకం చూసింది నువ్వే గదా!" అని ఒకావిడ అరిచింది. మా ఆడబిడ్డ మొహం నల్లబడింది. "వదినా, పాకం ఆగదు, బిన్నా చెప్పు" అంది. నేను ఇంటికప్పు వైపు చూస్తూ కూర్చున్నాను.

ఆ పిల్ల వేలు పెట్టింది. ఉండ కట్టింది. ఆ రోజు మా గొడవ వింటూ వాళ్లు గిన్నె ఆలస్యంగా తెచ్చారు. మొదటి గిన్నెకే పదును వచ్చింది, ఓరకంట చూస్తేనే నాకు తెలిసిపోయింది. ఆ పిల్లకు తెలియదు. మొదటి గిన్నెకు నేను ఎప్పుడూ ఏమంటానో అది మాత్రం విని ఉంది.

"ఇంకొంచెం" అంది.

నేను ఆమె మొహంలోకి చూశాను, నోరు తెరవలేదు.

తర్వాతి గిన్నె తెచ్చేసరికి పాకం ఉండ స్టీలుకు తగిలి టంగుమంది. పిండి పోశారు, తెడ్డు తిరగలేదు. మళ్లీ బియ్యం నానబెట్టుకునే వ్యవధి లేదు. అవే ఒత్తి అవే కాల్చారు. పెళ్లిలో అందరికీ అవే వడ్డించారు. "ఏమప్పా, అరిసెలు జమ్మలమడుగు నాపరాయితో కొట్టిచ్చినారా?" అని ఒక పెద్దమనిషి అడిగితే బంతి బంతంతా నవ్వింది. చాలామంది పుస్తకాన్ని కుర్చీల కింద వదిలేసి, దాని మీదే అరిసె పెట్టి పోయారు. నూనె అట్టలోకి దిగింది.

మా ఆడబిడ్డ నన్నేమీ అనలేకపోయింది. కోడలి మీద పడింది. "ఏలు పెట్టి చూసేదానికి గూడా పనికిరానిదాన్ని తెచ్చుకుంటిమి" అని వియ్యాలవారి ముందే అంది. ఆ పిల్ల తల్లి అదే బంతిలో ఉంది. విస్తరి మడిచి లేచి వెళ్లిపోయింది. నేను అడిగి ఇంకోసారి పెరుగు వేయించుకున్నాను.

ఎండలు ముదిరాక ఒక రోజు ఆ పిల్ల ప్రొద్దుటూరు వచ్చింది. మధ్యాహ్నం వేళ, గేటు దగ్గర నిలబడింది.

"పెద్దత్తా, నాకు పాకం నేర్పిచ్చు. ఇంటికి ఎవురొచ్చినా మా అత్త ఆ పేజీ తీసి చూపిచ్చి నవ్వుతాంది. శావణంలో మల్ల అరిసెలు నన్నే చెయ్యమంటాంది, అందరి ముందర."

"పుస్తకముండాది గదా. అందులో నీ చెయ్యే ఉండాది. దాన్నడుగు."

"నేనడగలే పెద్దత్తా. గాజులు తొడుగు, ఈడ కూచో అన్నారు. కూచున్యా. ఎవురిది తీసి నాది పెడతాండారో నాకేం తెల్సు?"

నిజమే చెబుతోంది. అది నిజమని నాకు పెళ్లి రోజే తెలుసు. ఇన్నేళ్లలో నా పాకం నేర్పించమని అడిగింది ఆమె ఒక్కతే. మా ఆడబిడ్డ చెప్పమంది, నేర్పమనలేదు. మా అత్త చూసి చెప్పమంది. మంచినీళ్లు అడిగితే ఇచ్చాను, ఆ ఎండకు నీళ్లు లేవనలేం. లోపలికి రమ్మనలేదు.

మళ్లీ వారానికి వచ్చింది. ఈసారి చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది. నన్ను చూసి ముందుకు చాచింది. గాజులు లేవు. మణికట్టు చుట్టూ అవి ఉండే చోట చర్మం తెల్లగా, మిగతాది ఎండకు కమిలి ఉంది. పక్కింటావిడ ఆరేసిన బట్టలు తీయడం ఆపి చూస్తోంది.

"గాజుల మీదే గదా నీ కోపం. బస్సులోనే తీసేసినా. ఇప్పుడన్నా నేర్పుతావా?"

పెళ్లయి రెండేళ్లు కాని పిల్ల, మొగుడు నిక్షేపంలా ఉన్నాడు, ఆ చేతులతో నా వాకిట్లో నిలబడింది. ఒక్కసారి నాకే ఒళ్లు జలదరించింది. ఆ జలదరింపు నాకు పుట్టించినందుకు ఆమె మీద ఇంకా కోపం వచ్చింది.

"నీ మొగుడు బతికుండాడు. ఆ బోడి చేతుల్తో నా గేటు పట్టుకోవాకు" అన్నాను.

ఆమె చేతులు వెనక్కి తీసుకుంది. నేను గేటు గడియ పెట్టి లోపలికి వచ్చాను. ఆమె ఎంతసేపు అక్కడ నిలబడిందో చూడలేదు. పులివెందులకు సాయంత్రం దాకా బస్సులుంటాయి.