చుక్క పెట్టిన గుడ్లు

మాంగ్ దర్సా, అంటే దర్సా బాబాయి, మా ఊరి నీరటి. సలాక్ కొండ మీంచి దిగే కాలవలో ఏ మడికి ఎప్పుడు నీళ్ళు వదలాలో ఆయనే చూస్తాడు. పొద్దున్నే పార భుజాన వేసుకుని గట్ల వెంట పోతాడు, మోకాళ్ళ దాకా బురదతో తిరిగొస్తాడు. ఆయన ఇంటికీ మా ఇంటికీ నడుమ ఒకే గోడ, కుళాయి కూడా ఒక్కటే. అందుకని అక్కడ ఏం జరిగినా నాకు తెలుస్తూ ఉంటుంది.

ఆయన పాముల్ని పెంచుతాడు. అందరూ ఎగబడి చూసే రకం కాదు. మడిగట్టు బొరియల్లో ఉండే మొసలివీపు పాములు. మూరన్నర పొడుగు, మసి రంగు, వీపు మీద మూడు వరసల బొడిపెలు. విషం లేదు. కప్పలు తప్ప మరొకటి తినవు. నేల ఆరినా, ఎండ తగిలినా, ఊరికే పట్టుకుని చూస్తున్నా చచ్చిపోతాయి.

"ముట్టుకోనివ్వదు, ముద్దు చెయ్యనివ్వదు. దాన్ని పెంచి ఏం చేస్తావు మాంగ్?" అని మా అన్న ఒకసారి ఎగతాళి చేశాడు.

"మీ పిన్ని మాత్రం ముట్టుకోనిస్తుందా? ఇరవై ఏళ్ళుగా పెంచట్లా!"

"ఎవరు ఎవర్ని పెంచుతున్నారో అన్నం దగ్గర చెప్తా, రా" అంది లోపల్నుంచి ఆయన భార్య కొకొమ్.

వంటింటి వెనక నీడలో, బట్టలుతికే తొట్టిలో మడి బురదా నాచూ వేసి ఒక జతని ఉంచాడు. ఇదివరకు వానలు పడితే గట్టు మీద ఒకటో రెండో కనిపించేవి. కాలవకి సిమెంటు వేశాక మూడేళ్ళలో ఒక్కటీ దొరకలేదు. ఉన్న ఆడపాముకి వయసైపోతోంది. అది పోయేలోపల దాని గుడ్డు ఒక్కటైనా పిల్ల కావాలని ఆయన పట్టు. మొదటి ఏడాది గుడ్లు ఎండిపోయాయి. రెండో ఏడాది బూజు పట్టాయి. మూడో ఏడాది ఎందుకు పోయాయో తెలీలేదు.

నాలుగో ఏడాది మూడు గుడ్లు పెట్టింది. పాము గుడ్డు పెట్టింది పెట్టినట్టే ఉండాలి, తిరగబడితే లోపలి పిల్ల మునిగి చస్తుందంటారు. అందుకని ప్రతి గుడ్డు నెత్తినా పెన్సిలుతో చుక్క పెట్టి, మూత ఉన్న డబ్బాలో తడి నాచు మీద ఉంచి, డబ్బాని తొట్టి పక్కన పెట్టాడు.

నెల తర్వాత కొకొమ్ తల్లి రుమ్సి వచ్చింది. ఆవిడని అందరూ ఎమా, అంటే అమ్మా, అని పిలుస్తారు. నలభై ఏళ్ళు బాతుగుడ్లు పొదిగించిన మనిషి. బాతు లేకుండానే, వేడిచేసిన ఊకలో పెట్టి వందల పిల్లల్ని లేపింది. ఆ పనిలో గుడ్లని రోజూ తిప్పాలి. ఏది తిప్పారో ఏది తిప్పలేదో తెలియడానికి బొగ్గుతో గుర్తు పెడతారు.

ఆవిడ డబ్బా మూత తీసి చెయ్యి పెట్టడం నేను రెండుసార్లు చూశాను. నన్నెవరూ అడగలేదు. నేను చెప్పలేదు.

ఆవిడ వచ్చిన తొమ్మిదో రోజున ఆయన మూత తీసేసరికి చుక్కలు మూడూ కిందికి ఉన్నాయి.

"ఎమా, వీటిని ముట్టుకున్నావా?"

"ముట్టుకోవడమేంటి, పొద్దునా సాయంత్రం తిప్పుతున్నా. గుర్తయితే పెట్టావు గానీ తిప్పడమే మరిచావు. పెద్ద పాములవాడివి!"

ఆయన డబ్బా పక్కనే కూలబడ్డాడు. "ఇవి బాతులు కావు. తిప్పకూడదు" అన్నాడు.

"తిప్పకపోతే పిల్ల పెంకుకి అంటుకుపోదూ?"

"అంటుకునే ఉండాలి."

"మూడేళ్ళు తిప్పలేదుగా. ఏం పుట్టాయి?"

పొయ్యి మీద ఉప్పుచేప మాడుతున్నా ఎవరూ కదల్లేదు.

చివరికి ఆవిడే లేచింది. "టార్చి ఇవ్వు. బతికున్నాయో లేదో చూద్దాం. ఏదైనా గుడ్డు గుడ్డే."

మిట్టమధ్యాహ్నం, చీకటి కోసం వంటింటి తలుపులు మూశారు. నేను గుమ్మం పక్కనే ఉండిపోయాను. ఆవిడ గుడ్డుని గరిటెతో, పక్కకి వాలకుండా ఎత్తి టార్చి వెలుగు మీద పట్టింది. మొదటిది లోపలంతా పసుపు నీళ్ళు. "ఇది మొదట్నుంచీ వట్టిదే" అంది. రెండోదాంట్లో నల్లగా ముద్ద. "పోయింది." మూడోదాన్ని చాలాసేపు చూసింది.

"నరాలున్నాయి. కదులుతోంది కూడా. రా, చూడు."

ఆయన చూశాడు. ఎర్రటి దారాలు. గుడ్డు ఎత్తడానికి భయపడి, ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఇలా చూడలేదట.

"ఇప్పుడెటు పెట్టాలి?" అన్నాడు.

"నన్నా అడుగుతావు?"

"నిన్నే."

"ఎటుందో అటే. నేనింక ముట్టను."

ఆ తర్వాత ఆవిడ పెరటివైపు రావడం మానేసింది. గిన్నెలు కూడా వీధివైపే కడుక్కునేది.

ఇరవై నాలుగు రోజులకి పెంకు చీలింది. మాంగ్ దర్సా ముందు అత్తగారినే పిలిచాడు. ఆవిడ వచ్చి డబ్బా ముందు గొంతుక్కూర్చుంది. తడిసిన దారంలాంటి పిల్ల. తల ఒక్కటే బయట పెట్టి ఆగింది.

"ఆ నల్లబడ్డది నా చేతివల్లే పోయిందంటావా?"

"తెలీదు ఎమా."

"తెలిసినా చెప్పవు."

"చెప్పను."

పిల్ల పూర్తిగా బయటికి వచ్చేదాకా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు.

గోరంత కప్పపిల్లల్ని ఆయన ఐదురోజులు మడులన్నీ వెతికి తెచ్చి వేశాడు. ఆరోనాడు డబ్బాలో కప్పపిల్ల ఒకటి తక్కువైంది. ఆడపాము మరుసటి వానలకి ముందే పోయింది. పిల్లకిప్పుడు రెండేళ్ళు. ఆడో మగో ఇంకా తేలలేదు.