న్యూ హాంప్‌షైర్‌లో గెలిచిందెవరు

నాకు చిన్నప్పటి నుంచీ ఒక జబ్బు ఉంది. ఎక్కడ ఎన్నికలు జరిగినా ఎవరు గెలుస్తారో ముందే చెప్పకపోతే నాకు అన్నం సహించదు. పంచాయతీ వార్డయినా, పాల సొసైటీ అయినా, పార్లమెంటయినా ఒకటే. మా తెనాలి వైపు టీకొట్టు బల్ల మీద కూర్చుని, ఏ పేట ఓట్లు ఎటు పడతాయో వేళ్ళ మీద లెక్కలు కట్టేవాణ్ణి. లెక్క తప్పితే దానికీ ఓ కారణం చెప్పి, మర్నాడు సిగ్గు లేకుండా అదే బల్ల మీద కూర్చునేవాణ్ణి. అలాంటివాణ్ణి తీసుకుపోయి, ఎన్నికలన్న మాటే లేని అరబ్బు దేశంలో పడేశాడు దేవుడు.

హఫర్ అల్ బాతిన్ ఊరి బయట, సైనిక నగరానికి వెళ్ళే రోడ్డు పక్కన మా కంపెనీ క్యాంపు ఉండేది. నేను అక్కడ జనరేటర్ ఆపరేటర్ని. నాలాంటి ఆపరేటరే ఇంకొకతను ఉండేవాడు, కరీంనగర్ వైపు మనిషి, నాకంటే ఆరేడేళ్ళు చిన్న. అతను నన్ను అన్నా అనేవాడు, నేను తమ్ముడూ అనేవాణ్ణి. ఇద్దరిదీ ఒకే గది. కానీ ఏం లాభం? పగలు నా డ్యూటీ అయితే రాత్రి అతనిది. నేను డ్యూటీకి వెళ్ళాక అతను వచ్చి పడుకునేవాడు. రోజుకు గంటో గంటన్నరో కలిసి ఉండేవాళ్ళం. ఆ గంట కోసమే మిగతా గంటలన్నీ ఎలాగో గడిపేవాణ్ణి. 

పక్కనే అమెరికావాళ్ళు చేసిన యుద్ధానికి ముందు మా భోజనాల హాల్లో కూర్చోవడానికి చోటు దొరికేది కాదు. యుద్ధం వస్తుందనగానే కొందరు కాళ్ళావేళ్ళా పడి వెళ్ళిపోయారు. అయిపోయాక మిగిలినవాళ్ళను వేరే సైట్లకు పంపేశారు. తెలుగు మాట్లాడే నోళ్ళు రెండే మిగిలాయి. యుద్ధం రోజుల్లో మేము విషవాయువు భయంతో కిటికీకి ప్లాస్టిక్ షీటు అడ్డం పెట్టి, అంచులకు టేపు అంటించుకుని, సైరన్ మోగినప్పుడల్లా తడిగుడ్డ మూతికి పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చునేవాళ్ళం. అతను వణుకుతూనే జోకులు వేసేవాడు. నేను వణుకుతూ వాటికి నవ్వేవాణ్ణి. ఆ ఏడాది ఇద్దరి సెలవులూ రద్దయ్యాయి.

మరుసటి ఏడాది ఫిబ్రవరిలో క్యాంపు మేనేజరు మా ఇద్దర్నీ పిలిచాడు. "ఒక్కరి సెలవు కాగితమే మీ వీసా ఇచ్చిన కఫీల్ దగ్గరికి పంపగలను. ఒకడు వెళితే ఎలక్ట్రీషియన్‌తో ఎలాగో నెట్టుకొస్తాను. ఇద్దరూ వెళితే క్యాంపంతా చీకటే. ముందు ఎవరు వెళతారో మీరే తేల్చుకుని గురువారం చెప్పండి" అన్నాడు. ముందు వెళ్ళినవాడు తిరిగొచ్చాకే రెండోవాడి వంతు. అంటే జూన్ దాకా ఆగాలి.

మా ఇద్దరికీ ఆ సెలవు కావాలి. నేను బయల్దేరినప్పుడు మా అమ్మాయికి తొమ్మిది నెలలు. ఇప్పుడు నాలుగో ఏడు నడుస్తోంది. ఉత్తరం ఆ పిల్ల చదవలేదు కదా, అందుకని క్యాసెట్లలో మాటలు రికార్డు చేసి, ఊరెళ్ళేవాళ్ళ చేత పంపేవాణ్ణి. డ్యూటీ లేని శుక్రవారం అతను నిద్రపోయేదాకా ఆగి, టేప్ రికార్డర్ మూతి దగ్గర పెట్టుకుని, పాటలూ కథలూ గొణిగేవాణ్ణి. అతని సంగతి ఇంకోరకం. పెళ్ళయి నలభై రోజులే ఉండి వచ్చేశాడు. రెండున్నరేళ్ళయింది. భార్యకు టీచరు ట్రైనింగులో సీటు వచ్చింది. జూన్‌లో చేరితే హాస్టల్లోనే ఉండాలి.

"జూన్ల పోయి నేనేం జేయాలన్నా? ఆమె హాస్టల్ల, నేను ఇంట్ల" అనేవాడు. అని మళ్ళీ తనే, "అయినా నీకు బిడ్డ ఉంది. నువ్వే పో" అనేవాడు. "లేదు లేదు, నువ్వే వెళ్ళు" అనేవాణ్ణి నేను. నా మర్యాద నోటి దాకానే. అతను నిజంగా సరేనంటాడేమోనని లోపల భయపడుతూనే ఉండేవాణ్ణి. అతనికీ అంతే అయ్యుంటుంది. నాలుగు రోజులు ఇలాగే గడిచాయి.

అప్పుడొచ్చింది న్యూ హాంప్‌షైర్. అమెరికాలో అధ్యక్ష పదవికి పార్టీ తరఫున ఎవరు నిలబడాలో రాష్ట్రాలవారీగా ఆ పార్టీవాళ్ళే ఓట్లేసి తేలుస్తారు. అందులో ముందు వరసలో ఓటేసే చిన్న రాష్ట్రం అది. యుద్ధం నడిపించిన అధ్యక్షుడికే అక్కడ సొంత పార్టీలో ఒకడు ఎదురు నిలబడ్డాడు. టీవీల్లో వాదించే మనిషట. ఈ సంగతి మాకు చెప్పింది మా జనరేటర్లకు మరమ్మతు చేయడానికి రియాద్ నుంచి వచ్చిన అమెరికన్ ఇంజనీరు. ఆయనది ఆ రాష్ట్రమే. ఆ వారం మా క్యాంపులోనే ఉన్నాడు.

ఇంక నన్ను పట్టుకునేవాడెవడు? షార్ట్‌వేవ్ రేడియో చెవికి అతికించుకుని ఇంగ్లీషు వార్తలన్నీ వినేశాను. న్యూ హాంప్‌షైర్‌ను వేమూరు నియోజకవర్గం అనుకుని లెక్కలు మొదలెట్టాను. ఎదుటివాడు లోకలా కాదా, రైతులెంతమంది, సానుభూతి ఎటు ఉంది! ఆ ఇంజనీరును పట్టుకుని మీ ఊళ్ళో ఏ కులంవాళ్ళు ఎక్కువని కూడా అడిగాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "మాకు మంచు ఎక్కువ" అన్నాడు.

"యుద్ధం గెలిపించినవాణ్ణి ఎవడోయ్ ఓడించేది?" అన్నాను పొద్దున్న టీ తాగుతూ.

"యుద్ధం పోయి ఏడాదాయె అన్నా. ఆడ పనుల్లేక మంది తిప్పలు పడుతున్నరట. కడుపు కాలినోడు యుద్ధం ముచ్చట యాది వెట్టుకుంటడా? ఆయనకు దెబ్బ తాకుతది చూడు."

"ఎవరు చెప్పారు నీకు?"

"డ్రైవర్ల రూంల రేడియో పెడ్తరు గద. ఉర్దూల చెప్పిన్రు."

"అబ్బో! ఉర్దూ వార్తలూ ఓ వార్తలేనా?" అని వెక్కిరించాను. డ్యూటీ దిగి, పాకిస్తానీ డ్రైవర్ల గదిలో టీ తాగి రావడం అతనికి అలవాటు. నాకు హిందీ అంతంతమాత్రం. ఇంగ్లీషులో చెప్పిందే వార్త అని నా బడాయి.

వాదన ముదిరింది. నోరు జారిందో, కావాలనే అన్నానో ఇప్పటికీ తెలియదు. "సరే, ఇదే పందెం. అధ్యక్షుడు గెలిస్తే నేను ముందు వెళతాను. ఓడితే నువ్వెళ్ళు" అన్నాను. అతను నా మొహంలోకి చూసి, "గెలుపో ఓటమో ఎవరు చెప్పాలె?" అన్నాడు. "ఎవరో ఎందుకు, ఆ ఊరివాడు మన జనరేటర్ షెడ్డులోనే ఉన్నాడుగా. ఆయన గెలుపంటే గెలుపు, ఓటమంటే ఓటమి. ఆ మాట మీద ఇంక అప్పీలు లేదు" అన్నాను. ఆ షరతు పెట్టింది నేనే. అది మాత్రం బాగా గుర్తు.

బుధవారం పొద్దున ఇంగ్లీషు వార్తల్లో చెప్పారు. ఓట్లలో అధ్యక్షుడే ముందున్నాడు. నేను మంచం మీదనే ఎగిరి గంతేశాను. కానీ వార్త అక్కడితో అయిపోలేదు. గెలిచినా గెలిచినట్టు లేదనీ, సొంత పార్టీలో అంతమంది ఎదురు తిరగడం పెద్ద దెబ్బనీ, ఆ ఓడినవాడే సంబరాలు చేసుకుంటున్నాడనీ చెప్పుకుపోతున్నారు. ఇదేం గోలరా బాబూ! మా దగ్గర ఒక్క ఓటు ఎక్కువొచ్చినా ఊరేగింపే. ముందున్నవాడు ఓడిపోవడమేమిటి? నాకు తిక్క రేగి రేడియో కట్టేశాను.

షెడ్డు దగ్గరికి వెళ్ళేసరికి అతను డ్యూటీ అప్పగించడానికి నాకోసం ఎదురు చూస్తున్నాడు. మొహం వెలిగిపోతోంది. ఇద్దరం ఇంజనీరు దగ్గరికి వెళ్ళాం. మేం చెరొకటి అన్న సంగతి చెప్పి, గెలుపా ఓటమా అని ఇంగ్లీషులో అడిగాను. ఆయన చేతులకున్న గ్రీజు తుడుచుకుంటూ ఇంగ్లీషులో తీరిగ్గా చెప్పాడు. "ఓట్లు ఆయనకే ఎక్కువ వచ్చాయి. కానీ మా ఊళ్ళో దీన్ని గెలుపు అనరు. అధికారంలో ఉన్నవాడికి సొంతింట్లోనే ఇంత వ్యతిరేకత వచ్చిందంటే ఓడినట్టే. మీవాడు సరిగ్గా చెప్పాడు." అని నవ్వి, తమ్ముడి భుజం తట్టాడు.

తమ్ముడు నావైపు తిరిగాడు. "ఏమన్నడన్నా?"

అతనికి ఇంగ్లీషు రాదు. ఎస్, నో, ప్రాబ్లం, ఫినిష్, అంతే. నా కళ్ళ ముందు మా పిల్ల ఉంది. తొమ్మిదో నెల తర్వాత ఫోటోలో తప్ప నేను చూడని మొహం. నోరు దానంతటదే తెరుచుకుంది.

"గెలిచాడంట" అన్నాను.

అతను ఇంజనీరు మొహంలోకి ఒకసారి, నా మొహంలోకి ఒకసారి చూశాడు. "గెలిచిండంటే గెలిచిండే. నువ్వే పో అన్నా" అని లాగ్ బుక్ నా చేతిలో పెట్టి గదికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఓడినవాడికి ఆ మాత్రం కోపం ఉంటుందిలే అనుకున్నాను. అలా అనుకోవడానికి నాకు సిగ్గు వెయ్యలేదు. కాగితాలు వచ్చి, ఏప్రిల్‌లో నేను వెళ్ళేరోజు నా అట్టపెట్టెకు తాడు కట్టింది అతనే. భార్యకు పంపమని ఒక క్యాసెట్ ఇచ్చాడు. బొంబాయిలో దిగగానే పోస్టు చేశాను.

ఇంటికి వెళితే మా అమ్మాయి నన్ను చూసి వాళ్ళమ్మ వెనక్కి పోయింది. "నాన్న వచ్చాడే" అంటే, "నాన్న అందులో ఉంటాడుగా" అని టేప్ రికార్డర్ చూపించింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పదిరోజులు పట్టింది ఆ పిల్ల నా ఒళ్ళో కూర్చోవడానికి. ఆ తర్వాత దిగలేదు. అన్నం నా చేత్తోనే తినేది. నేను కలుపుతుంటే ఒక్కోసారి ఆ లాగ్ బుక్ గుర్తొచ్చి ముద్ద చేతిలోనే ఆగిపోయేది. తిరిగి వెళ్ళగానే తమ్ముడికి నిజం చెప్పెయ్యాలి, తిడితే పడాలి అనుకున్నాను. విమానం ఎక్కేదాకా అదే అనుకున్నాను.

జూన్ ఎండలో, దహ్రాన్ నుంచి బస్సులో సగం రోజు కూర్చుని క్యాంపుకు చేరాను. గది తలుపు తీస్తే అతని మంచం మీద పరుపు చుట్టి ఉంది. మేకుకు చొక్కాల్లేవు. నేను దహ్రాన్‌లో దిగిన రోజే అతను రియాద్‌లో విమానం ఎక్కాడట. సెలవు మీద కాదు, మళ్ళీ రాకుండా ఎగ్జిట్ ముద్ర కొట్టించుకుని. మేనేజరే ఈ సంగతి చెప్పాడు.

నా టేప్ రికార్డర్‌లో ఒక క్యాసెట్ ఉంది. నొక్కితే అతని గొంతు.

"అన్నా, మంచిగున్నవా? బిడ్డ నిన్ను గుర్తువట్టిందా? ఇది నీ పాటల క్యాసెటే, తుడిచేసిన, ఏమనుకోకు. ఆ దినం పొద్దుగాల, నువ్వు డ్యూటీకి రాకముందే, డ్రైవర్ల రూంల చాయ్ తాగుకుంట రేడియోల విన్న. అధ్యక్షునికి దెబ్బ తాకిందని ఉర్దూల మంచిగ చెప్పిన్రు. నేనే గెలిచిన అనుకుంట ఉరికొచ్చిన. ఆ అమెరికాయన నన్ను చూసి నవ్విండు, బుజం తట్టిండు. నాకు ఇంగ్లీషు రాదు గని, మనిషి నవ్వితే తెల్వదా? నువ్వేమో గెలిచిండన్నవు. నీకు అబద్ధం చెప్పరాదన్నా. చెవులు ఎర్రగైతయ్.

"కోపం రాలేదనుకోకు. మస్తు వచ్చింది. గల్ల పట్టి అడుగుదామనుకున్న. మల్ల నేను పండుకున్ననుకొని నువ్వు నీ బిడ్డకు టేపుల పాట పాడుకుంట ఏడ్సినది యాదికొచ్చింది. పెండ్లాం నన్ను మరువదు, పసిపిల్ల మరుస్తది. పోనీలే అనుకున్న. ఇప్పుడు మా ఆమె హాస్టల్‌కు పోయింది. రెండు నెల్లు పోయి ఖాళీ ఇంట్ల కూసుండి, మల్ల ఈడికొచ్చి ఏం జేయాలె? ఆడ్నే మోటర్లు బాగుచేసుకుంట బతుకుత, ఐతారం ఐతారం పోయి ఆమెను చూసొస్త. తప్పు నీదే అంటలేను. లేదని కూడ అంటలేను. ఇగ ఎలచ్చన్ల ముచ్చట ఎవనితోని పెడ్తవో ఏమో. పైలం అన్నా."

తర్వాత ఏసీ రొద, దాని తర్వాత తుడవగా మిగిలిన నా పాట ముక్క. నేను ఆ మంచం మీద కూర్చుని గట్టిగా ఏడ్చాను. వినేవాళ్ళెవరూ లేరు కాబట్టి ఆపుకోవాల్సిన పని లేకపోయింది.

అతని స్థానంలో వచ్చిన మనిషి మంచివాడే. కానీ అతనికి నా భాష రాదు, నాకు అతనిది రాదు. పొద్దున్న లాగ్ బుక్ ఇచ్చిపుచ్చుకుని తల ఊపుకునేవాళ్ళం. ఏ ఎన్నికల గురించీ నోరు తెరవలేదు నేను. వారాల తరబడి నా గొంతు నేనే వినలేదు.

నవంబరులో అసలు ఎన్నిక జరిగింది. అధ్యక్షుడు నిజంగానే ఓడిపోయాడు. యుద్ధం ముచ్చట ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. తమ్ముడు టీ తాగుతూ చెప్పిన మాట చెప్పినట్టు జరిగింది. ఆ పొద్దున డ్యూటీ మధ్యలో గదికి వచ్చి, వార్త విని అలవాటుగా అతని మంచం వైపు తిరిగాను. కొత్త మనిషి దుప్పటి కప్పుకుని నిద్రపోతున్నాడు.

తమ్ముడి క్యాసెట్ తిరగేసి పెట్టి, రికార్డు బటన్ నొక్కాను. చెప్పాల్సింది చాలా ఉంది. ఆ రోజు ఇంజనీరు అన్న ప్రతి మాటా తెలుగులో చెప్పాలి. క్షమించమనాలి. పాప కబుర్లు చెప్పాలి. టీకొట్టు బల్ల మీద గంటలు గంటలు మాట్లాడినవాణ్ణి. "తమ్ముడూ, న్యూ హాంప్‌షైర్‌లో నువ్వే గెలిచావు" అన్నాను. ఆ తర్వాత మాట రాలేదు. టేపు మాత్రం చివరిదాకా తిరిగింది. వెనక్కి తిప్పి వింటే ఆ ఒక్క మాటా, మిగతాదంతా షెడ్డులోంచి వస్తున్న జనరేటర్ల చప్పుడూ.

అడ్రసు నా దగ్గర ఉంది, కవరు మీద రాశాను కూడా. మొహం చెల్లక పోస్టు చెయ్యలేదు.