ఎర్ర రిబ్బను మీద వేలు

నా చిన్నప్పుడు, తెలంగాణ ఉద్యమం మొదటిసారి రాజుకున్న రోజుల్లో, దిల్‌సుఖ్‌నగర్‌లో మాకు రిబ్బన్లు, గాజులు అమ్మే చిన్న కొట్టుండేది. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం మాది. బేరమాడటం నాకు మాటలతోపాటే వచ్చింది. బడిలో పంతులమ్మ ఐదు లెక్కలిస్తే మూడుకు దింపాలని చూసి, గోడకుర్చీ వేసేదాన్ని.

ఒక రోజు బంద్. కొట్టు మూసేశాం. ఆరో నెల గర్భిణి మా పిన్ని పెరట్లో గుడ్డలు ఉతుకుతుంటే నీళ్లు ఎర్రగా పారాయి. నేను చూశానని తెలిసి, "నొప్పేం లేదే, అదే ఆగిపోద్ది. నాయనమ్మకి చెప్పకు, కంగారు పడిపోద్ది" అంది. ఊరికే ఒప్పుకుంటానా? నీలం వెల్వెట్ రిబ్బనుకు బేరం కుదిరింది. కుదిరిన బేరం తప్పడం మా ఇంటావంటా లేదు.

పక్కింటి అక్క దవాఖానలో నర్సు. మధ్యాహ్నం మా దండెం మీద పాత గుడ్డలు వరసగా ఆరుతుండటం చూసి వచ్చింది.

"ఏందే, మీ పిన్ని పొద్దట్నుంచి పండుకునే ఉన్నదట. ఏమైంది?"

"చెప్పనని బేరమాడాను" అన్నాను గొప్పగా.

అక్క నవ్వలేదు. కొట్టు వెనక తలుపు తీయించి, రిబ్బన్ల పెట్టె నా ముందు పెట్టింది. "మాట తప్పకు బిడ్డా, నోరు తెరవకు. ఏ రంగు చూసినవో గా రిబ్బను మీద ఏలు వెట్టు, సాలు."

గోధుమరంగూ మెరూనూ దాటి నా వేలు నిగనిగలాడే ఎరుపు మీద ఆగింది.

అక్క లోపలికెళ్లి విషయం చెబితే, నొప్పి లేదుగా, గొడవలు సద్దుమణిగాక రేపు వెళదాంలే అంది నాయనమ్మ.

"నొప్పి లేకుండ గింత ఎర్రగ పోతుందంటెనే నాకు భయం అవ్వా. బిడ్డకు తిండి అందించే మాయ కిందికి జారి, గర్భసంచి నోటికి అడ్డం పడి ఉండొచ్చు. కాకపోవచ్చు గూడ. డాక్టరు తేల్చాలె. మంత్రసానిని మాత్రం లోపల చెయ్యి పెట్టనియ్యకుండ్రి. నడువుండ్రి."

పిన్నిని ఎక్కించిన రిక్షాకు ముందు అక్కే నడిచింది. రోడ్డు మీద బైఠాయించినవాళ్లతో, "కడుపుతోని ఉన్నది, జర తొవ్వ ఇడువుండ్రి తమ్మీ" అంది. వెంటనే లేచారు. దవాఖాన చేరేసరికి పిన్ని చీర తడిసిపోయింది. అక్క అన్నట్టు మాయే కిందికుంది. వారాల తరబడి అక్కడే పడుకోబెట్టి, చివరికి ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. ఇద్దరూ దక్కారు.

ఇంటికొచ్చాక పిన్ని నీలం రిబ్బను ఇచ్చింది. సిగ్గులేకుండా తీసుకున్నాను.

ఈ వయసులోనూ కొత్తపేట రైతుబజారులో కొత్తిమీర కట్టను బేరమాడకుండా కొనను. కడుపుతో ఉన్న పిల్ల ఎవరైనా "కొంచెమే కనపడింది, నొప్పి లేదు, రేపు చూద్దాం" అంటే మాత్రం, ఎంత, ఏ రంగు అన్న ప్రశ్నలన్నీ దారిలోనే. ముందు ఆటో ఎక్కిస్తాను, డ్రైవరు అడిగిన కిరాయికే.