అటు నుంచి కూడా పలకాలి

అనంతపద్మనాభంగారికి ఒకటే పిచ్చి. ఇటువాళ్లు అటువాళ్లను పలకరిస్తే ఆయనకు చాలదు. అటువాళ్లు కూడా ఇటువాళ్లను పలకరించాలి. అదీ ఒకరిద్దరు కాదు, అందరూ అందరినీ!

ఆయన ఉద్యోగమూ అలాంటిదే. రెండువేల ఐదులో ఆయన ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ కంపెనీలో కంప్యూటర్ల పెద్ద. గుంటూరు బ్రాడీపేట ఆఫీసులో నాలుగు సర్వర్లు, మార్టూరు బ్రాంచిలో నాలుగు. మార్టూరులో ఎవరి బస్తాలు ఏ గదిలో ఉన్నాయో గుంటూరుకు తెలియాలంటే ఈ నాలుగూ ఆ నాలుగూ మాట్లాడుకోవాలి. అవతలిది పలుకుతుందో లేదో ఒకసారి పిలిచి చూడడాన్ని పింగ్ కొట్టడం అంటారు. మార్టూరులో వాటిని చూసుకునేది రెబ్కా. కొత్తగా చేరిన పిల్ల. పొద్దున్నే బ్యాగు కింద పెట్టకముందే ఫోను మోగేది.

"అమ్మా రెబ్కా, మా ఒకటో నంబరు నుంచి మీ ఒకటికి పింగ్ కొట్టాను. పలికింది."

"మంచిది సార్. ఉంటాను."

"అప్పుడేనా! ఇప్పుడు నువ్వు అక్కణ్ణుంచి మా ఒకటికి కొట్టు."

"ఇటు వచ్చిందంటే అటూ వెళుతుంది కదా సార్?"

"నిన్ను చూసి నేను నవ్వాననుకో, నువ్వూ నవ్వినట్టేనా?"

రెబ్కా నవ్వాపుకుని తనవైపు నుంచీ కొట్టేది. తరవాత ఒకటి నుంచి రెండుకు, రెండు నుంచి మూడుకు... ఆ తంతు ముగిసేసరికి టీ మీద మీగడ కట్టేది. "ఈయన దేవుడికి దణ్ణం పెట్టినా, అటు నుంచి జవాబొచ్చేదాకా గుడి వదలడు" అని వాచ్‌మన్ బుడాన్‌తో చెప్పుకుని నవ్వేది.

ఆయన కూతురు వేదశ్రీ నిశ్చితార్థానికి రెబ్కా కూడా వెళ్లింది. చీరాల నుంచి మగపెళ్లివారు దిగారో లేదో పద్మనాభంగారు పనిలో పడ్డారు.

"బావగారూ, మా అన్నయ్యను పలకరించారా?"

"ఇందాకే పలకరించానండీ."

"మీరు పలకరించారు సరే. అన్నయ్యా, నువ్వు?"

"ఏమండీ, ఇది పెళ్లివారిల్లు, మీ కంప్యూటర్ల గది కాదు!" అని ఆయన భార్య సీతారత్నంగారు నెత్తి కొట్టుకున్నారు. ఆ పరీక్షలోనే బయటపడింది, పెళ్లికొడుకు మేనత్తకూ సీతారత్నంగారి అక్కకూ పొద్దున కాఫీ దగ్గర మాటామాటా వచ్చి పలకరింపులు పోయాయని. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, రెండువైపులా పలికేదాకా ఆయన తాంబూలాలు మార్చుకోనివ్వలేదు.

ఇంతగా నవ్వుకున్న రెబ్కాకు ఒక మార్చి నెలలో నవ్వు ఎగిరిపోయింది. సరిగ్గా సీజన్లో మార్టూరు మూడో నంబరు సర్వరు మూగబోయింది. బస్తాల లెక్కలన్నీ దాంట్లోనే. బయట లారీలు ఆగిపోయాయి, రైతులు కేకలు. గుంటూరు మేనేజరు శరత్‌చంద్ర ఫోనులోనే తీర్పు చెప్పేశాడు.

"నేనిక్కణ్ణుంచి ఒకటో నంబరుకు కొట్టి చూశాను, బ్రహ్మాండంగా పలికింది. లైను తప్పు కాదు. నువ్వే ఏదో కెలికావు. వస్తున్నా. అదే నిజమైతే ఈరోజుతో నీకు సెలవు!"

రెబ్కా చెల్లెలి నర్సింగు చదువు ఆ జీతం మీదే నడుస్తోంది. పైగా, కెలికిన మాట నిజం. పొద్దున సర్వర్ల వెనక ఊరి చుట్టూ ఉన్న రాళ్ల క్వారీల దుమ్ము పేరుకుపోయి ఉంటే చూడలేక తుడిచింది. అప్పుడు ఊడిన వైరును మళ్లీ గుచ్చింది. ఏ కన్నంలో గుచ్చిందో ఇప్పుడు గుర్తులేదు.

జీపు దిగి శరత్‌చంద్ర లోపలికి వచ్చాడు, వెంట పద్మనాభంగారు. పద్మనాభంగారు సర్వర్ల వైర్లన్నీ వచ్చి చేరే స్విచ్చి పెట్టె వెనక్కి ఒకసారి తొంగిచూశారు. రెబ్కా ముఖంలోకి ఒకసారి చూశారు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"సార్, మొదటినుంచీ చూద్దాం. మార్టూరు ఒకటి నుంచి గుంటూరు ఒకటికి. పలికింది! గుంటూరుకు ఫోను చెయ్యమ్మా, అటు నుంచి కూడా కొట్టమను."

"మూడోది కదండీ చెడింది?" అన్నాడు శరత్‌చంద్ర.

"మధ్యలో దూకితే ఎలా సార్? ఇప్పుడు ఒకటి నుంచి రెండుకు. మీరు ఇలా వచ్చి చూడండి. పలికింది! ఇప్పుడు అటు నుంచి..."

శరత్‌చంద్ర కాలు మార్చాడు, గడియారం చూశాడు, ఆవలించాడు. రెండో నంబరు మొదలయ్యేసరికి చేతులెత్తేశాడు. "మీరు కానివ్వండి బాబూ, నేను టీ తాగొస్తా" అని బయటపడ్డాడు.

తలుపు మూసుకోగానే పద్మనాభంగారు కుర్చీ గోడవైపు తిప్పుకున్నారు.

"పైవరస, ఎడమనుంచి మూడో కన్నం. వైరు అందులోకి మార్చెయ్ తల్లీ, నేను చూడ్డం లేదు."

వైరు మారింది. మూడో నంబరు పలికింది. అటు నుంచీ పలికింది. ఆ చాదస్తం మీద రెబ్కాకు అప్పుడు పుట్టిన ప్రేమ ఇంతా అంతా కాదు. కళ్లు తుడుచుకునేలోపే మేనేజరు వచ్చేశాడు.

"బాగుపడిందా! ఇంతకీ తప్పెవరిది?"

"దుమ్ముది సార్. ఎవరినైనా తీసెయ్యాలంటే ముందు మార్టూరు క్వారీలన్నీ తీసెయ్యాలి."

శరత్‌చంద్ర ఏదో అనబోయి, గది అదిరేలా తుమ్మాడు.

"సత్యం!" అన్నారు పద్మనాభంగారు.

రెబ్కా చటుక్కున గుడ్డ తీసుకుని కిటికీ తుడవసాగింది. వైర్లు లేని చోటు అదొక్కటే, పైగా నవ్వు కనపడకుండా అటు తిరగొచ్చు.